న్యూ ఇంగ్లండ్ ప్యూరిటన్ల పెళ్ళిళ్ళలో అమ్మాయి మాట చెల్లేదా?

ప్రశ్న:
ఇంగ్లండ్ నుంచి వచ్చిన ప్యూరిటన్లు (కఠిన నియమాల ప్రొటెస్టెంట్ క్రైస్తవులు) అమెరికాలో స్థిరపడిన న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు మసాచుసెట్స్‌లో, తండ్రి అనుమతి తీసుకోకుండా ఒక యువతికి తన ప్రేమను తెలపడం 1647 నాటి చట్టం ప్రకారం నేరమని, మొదటిసారి పట్టుబడితే 5 పౌండ్ల జరిమానా వేసేవారని చదివాను. అలాగైతే సంబంధాలన్నీ పెద్దలే నిశ్చయించేవారని అనుకోవాలా, లేక అమ్మాయికి కాదనే వీలుండేదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు:
వీలుండేదండీ, కాని కాదని నిలబడటం తేలిక కాదు. బోస్టన్ న్యాయమూర్తి శామ్యూల్ స్యూవల్ దినచర్యలో దీనికి చక్కని ఉదాహరణ ఉంది. 1699 జనవరిలో ఒకాయన స్యూవల్ కూతురు బెట్టీతో మాట్లాడటానికి వస్తే, ఆ పిల్ల గుర్రపుబండిలో ఒంటరిగా దాక్కుని, అతను వెళ్ళిపోయేదాకా కొన్ని గంటలపాటు బయటికి రాలేదని, ఈలోగా ఇంటివారు ఆమెకోసం పలు ఇళ్ళలో వెతికారని స్యూవల్ రాసుకున్నాడు. తరువాత వచ్చిన గ్రోవ్ హర్స్ట్ సంబంధానికీ ఆమె మొదట సుముఖంగా లేదు. అప్పుడు తండ్రి రాసిన ఉత్తరంలో, ఈ సంబంధం కాదంటే మరొకరు ముందుకు రారేమోనన్న హెచ్చరికా ఉంది, ఎంతకీ పోని అయిష్టత ఉంటే బలవంతపెట్టనన్న హామీ కూడా ఉంది. 1700లో ఆమె హర్స్ట్‌నే పెళ్ళాడింది. దీన్ని పూర్తి ఇష్టమనడానికి నాకు మనసొప్పదు.

రెండవ జవాబు:
పై జవాబుకు కొంత చేర్పు. చట్టం తండ్రుల పక్షానే ఉండేదనుకోవడం సరికాదు. తల్లిదండ్రులు అకారణంగా తగిన వివాహానికి అడ్డుపడితే పిల్లలు అధికారులకు ఫిర్యాదు చేసుకోవచ్చని 1641 నాటి మసాచుసెట్స్ శాసనాల్లోనే ఉంది. ఇక పక్కనున్న, అప్పట్లో వేరే వలసరాజ్యమైన ప్లిమత్‌లో, గవర్నర్ థామస్ ప్రెన్స్ కూతురు ఎలిజబెత్‌ను తండ్రి అనుమతి లేకుండా కోరుకున్న ఆర్థర్ హౌలండ్‌కు 1661లో 5 పౌండ్ల జరిమానా పడింది. 1667లో, ఆమె జోలికి పోనని 50 పౌండ్లకు పూచీకత్తు రాయించుకున్నారు. అయినా చివరికి వారిద్దరికీ వివాహమైంది. మామగారు గవర్నరే అయినా ఏమీ చేయలేకపోయాడు!

మూడవ జవాబు:
నా ఉద్దేశంలో, ఆడవారి మాటకు అసలైన బలం ఆస్తితో వచ్చేది. తండ్రి చాటున ఉన్న పిల్ల తరఫున పెద్దలు బేరమాడితే, ఆస్తిపరురాలైన వితంతువు తన షరతులు తానే చెప్పేది. అదే స్యూవల్ 1720లో, భార్య పోయాక, కేథరిన్ విన్‌త్రాప్ అనే వితంతువు ఇంటికి చక్కెర బాదంపప్పులు పట్టుకుని మరీ తిరిగాడు. ఆయన సొంత గుర్రపుబండి ఉంచాలని, విగ్గు పెట్టుకోవాలని ఆమె కోరింది; ఆయనకు రెండూ ఇష్టం లేదు. తన తదనంతరం ఆమెకు ఏటా ఎంత ముట్టాలన్నదీ తెగలేదు. ఆ సంబంధం కుదరక, 1722లో ఆయన మేరీ గిబ్స్ అనే మరో వితంతువును వివాహమాడాడు.