అమ్మ కీళ్లవాతానికి ఇంగ్లీషు మందు మాన్పించి హోమియోకి మార్చొచ్చా?

మద్దిలపాలెం అబ్బాయి:
అందరికీ నమస్కారం. సలహా కావాలి. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకి 58. కిందటేడు సంక్రాంతికి గారెల పిండి రుబ్బుతూ "వేళ్లు ముడుచుకోవట్లేదురా" అంది. పని ఎక్కువై అనుకున్నాం. తర్వాత రెండు చేతుల కణుపులూ ఒకేలా వాచాయి. పొద్దున్న లేచాక గంట దాకా పిడికిలి పట్టేది కాదు. పాల ప్యాకెట్ కత్తిరించడానికి నన్ను లేపేది. పరీక్షలు చేసి రుమటాయిడ్ అన్నారు, మెథోట్రెక్సేట్ రాశారు.

అసలు గొడవ ఇక్కడే. ఆ మాత్ర వారానికి ఒక్కసారి వేసుకోవాల్సింది. చీటీలో ఇంగ్లీషులో ఏదో గీశారు, నోటితో ఎవరూ చెప్పలేదు. మందులిచ్చిన కౌంటర్‌లో కవరు మీద 1-0-0 అని రాసేశారు. అమ్మ రోజూ పొద్దున్న ఒకటి చొప్పున ఆరు రోజులు వేసుకుంది. ఏడో రోజుకి నోరంతా పుళ్లు. పెరుగన్నం మెతుకు కూడా దిగలేదు. రక్తకణాలు పడిపోయాయి. అయిదు రోజులు మంచం మీద ఉంచి, విరుగుడు ఇంజెక్షన్లు ఇచ్చి లేపారు. ఏ ఆసుపత్రో అడక్కండి, చెప్పను.

ఇప్పుడు వేరే డాక్టరు. ఆదివారం ఆ మాత్ర, సోమవారం ఫోలిక్ యాసిడ్. నాలుగు నెలలైంది. జడ తనే అల్లుకుంటోంది. అయినా ఆదివారం వచ్చిందంటే ఆ స్ట్రిప్ వంక పామును చూసినట్టు చూస్తుంది.

మొన్న పిన్ని అనకాపల్లి నుంచి వచ్చి హోమియో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన గంటా పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడారట. చలి పడదా, వేడి పడదా, కలలో ఏమొస్తుంది, మీ ఆయన పోయినప్పుడు ఏడ్చారా లేదా, అన్నీ అడిగారట. అమ్మ ఇంటికొచ్చి "నా జబ్బు గురించి నన్నడిగినవాడు ఈయనొక్కడేరా" అంది. మూడు సీసాలిచ్చారు. షరతు ఒకటే, ఇంగ్లీషు మందు మానెయ్యాలి. అది ఒంట్లో ఉంటే ఇది పని చెయ్యదట.

పిన్నితో వాదించలేకపోతున్నాను. ఆదివారం ఇంకా నాలుగు రోజులే ఉంది.

తీపిగోళీ:
తమ్ముడూ, భయపడకుండా మార్చెయ్. మా పాపకి అరచేతి నిండా పులిపిర్లు. స్కిన్ డాక్టరు రెండుసార్లు కాల్చాడు, మళ్లీ వచ్చాయి. ఖర్చు ఒక ఎత్తు, పిల్ల ఏడుపు ఇంకో ఎత్తు. తూజా అనే హోమియో మందు వాడాం, ఎనిమిది నెలల్లో ఒక్కటి లేదు.

పైగా ఇది చెట్టు కింద వైద్యం కాదు. బీహెచ్‌ఎంఎస్ అంటే అయిదున్నరేళ్ల చదువు. గుడివాడలో, రాజమండ్రిలో, కడపలో ప్రభుత్వ కాలేజీలున్నాయి. రాజమండ్రి కాలేజీకి పెట్టింది అల్లు రామలింగయ్య గారి పేరే. ఆయన సినిమాలు చేస్తూనే హోమియో మందులిచ్చేవారు. వీళ్లంతా వెర్రివాళ్లా? మీ అమ్మగారిని ఆసుపత్రిలో పడేసింది తీపి గోళీ కాదు, అది గుర్తుపెట్టుకో.

గాజువాక గుంటడు:
ఆఖరి లైనుకి నా ఓటు.

మందులషాపు:
19 ఏళ్లుగా కౌంటర్ వెనక నిలబడుతున్నాను. ఆ 1-0-0 చదివి తల పట్టుకున్నాను. మెథోట్రెక్సేట్ ఇచ్చేటప్పుడు మా షాపులో ఒక అలవాటు ఉంది. "ఏ వారం వేసుకుంటారమ్మా?" అని అడిగి, వాళ్లు చెప్పిన వారం పేరు స్కెచ్ పెన్నుతో తెలుగులో స్ట్రిప్ మీదే రాస్తాం. కవరు మీద రాస్తే లాభం లేదు, ఇంటికెళ్లగానే పారేస్తారు. వారం మాత్రని రోజూ వేసుకోవడం చాలా దేశాల్లో జరిగిన పొరపాటే, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి మీ అమ్మగారిది చాదస్తం అనకండి. ఆవిడ భయానికి కారణం ఉంది.

అయితే ఆ తప్పు రాసింది కవరు మీద. మాత్ర ఇప్పుడు దాని పని అది చేస్తోందని జడ సంగతి రాసి మీరే చెప్పారు.

ఈ జబ్బులో మన ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద పడుతుంది. నొప్పి తగ్గినట్టున్నా లోపల ఎముక అంచులు కొరుక్కుతింటూ పోవచ్చు. మొదటి ఒకటి రెండేళ్లలోనే చాలా నష్టం జరిగిపోతుంది. ఎముక అరిగి వంకరపోయిన వేలు ఏ మందుతోనూ తిన్నగా రాదు. ఇంకో సంగతి, కీళ్లవాతం తనంతట తనే పెరుగుతుంది, తగ్గుతుంది. మనిషి కొత్త వైద్యుడి దగ్గరికి పరిగెత్తేది నొప్పి బాగా ముదిరినప్పుడే. ఆ తర్వాత ఎలాగూ కొంత తగ్గుతుంది. ఆ పేరు కొత్త మందుకి పోతుంది.

ఇంకోటి చెప్పాలి. ఇది హోమియో కాదు, నాటు మందు, తీపిగోళీ గారు కోప్పడొద్దు. పెందుర్తి వైపు నుంచి ఒక పెద్దాయన మా షాపుకొచ్చేవాడు. ఎవరో ఇచ్చిన చెట్ల పొడి పొట్లాలు వాడాడు. రెండు రోజుల్లో మోకాళ్లు లేచాయి, వీధంతా చెప్పుకున్నాడు. మూడు నెలలకి ముఖం గుండ్రంగా ఉబ్బింది, లేని షుగరు వచ్చింది. భయపడి పొడి ఠక్కున ఆపేస్తే వాంతులు, బీపీ పడిపోయి సొమ్మసిల్లాడు. పొడిని ఎవరూ ల్యాబుకి పంపలేదు గానీ, డాక్టరు అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారనుకుని, దాన్ని ఒక్కసారిగా ఆపేసిన కేసుగానే చూసి వైద్యం చేశారు, లేచాడు. రెండు రోజుల్లో కీళ్లనొప్పి మాయం చేసే చెట్ల మందంటే నాకు అప్పట్నుంచీ అనుమానమే.

రిటైర్డ్ మాస్టారు:
కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి, లెక్క చెప్పకుండా ఉండలేను. సీసా మీద 30సి అని ఉంటుంది చూడండి. ఒక చుక్క మందుని 99 చుక్కల్లో కలిపి కుదపాలి. అందులోంచి ఒక చుక్క తీసి మళ్లీ 99లో. ఇలా 30 సార్లు. కొద్దిపాటి పదార్థంలో ఎన్ని అణువులుంటాయో చెప్పే అవొగాడ్రో సంఖ్య ప్రకారం 12వ సారి దాటాక అసలు పదార్థం అణువు ఒక్కటైనా మిగలడం దాదాపు అసాధ్యం. ఆర్కే బీచ్‌లో నిలబడి ఒక్క చుక్క వేసి, భూమ్మీది సముద్రాలన్నీ కలియతిప్పినా 13సి కూడా రాదు. ఇంకా 17 మెట్లు మిగిలే ఉంటాయి.

హానిమన్‌ని మాత్రం నేను వెక్కిరించను. 1790లో సింకోనా బెరడు తిని తనకి మలేరియా జ్వరం లాంటి వణుకు వచ్చిందని ఆయన గమనించాడు. ఏది లక్షణాన్ని పుట్టిస్తుందో అదే దాన్ని పోగొడుతుందన్న ఊహ అక్కడ మొదలైంది. 1796లో వ్యాసం రాశాడు. ఆనాటి డాక్టర్లు ఏం చేసేవారు? రోగికి రక్తం తీసి, పాదరసం తాగించేవారు. వాళ్ల పక్కన ఏమీ చెయ్యని గోళీ అమృతమే కదా! ఆ పేరు రెండు వందల ఏళ్లు నడిచొచ్చింది. 2015లో ఆస్ట్రేలియా ఆరోగ్య పరిశోధన మండలి 176 అధ్యయనాలు పరిశీలించి, హోమియో ఫలానా జబ్బుకి పని చేస్తుందని నమ్మదగ్గ ఆధారం ఒక్క జబ్బుకీ లేదంది. 2017లో ఇంగ్లండు ప్రభుత్వ వైద్యశాఖ ఈ మందులు ఇక రాయొద్దని తన డాక్టర్లకి చెప్పింది.

గాజువాక గుంటడు:
మాస్టారూ, సముద్రాలన్నీ చిలికేసినారు. అమృతం వచ్చిందా, హాలాహలం వచ్చిందా, అది సెప్పండి ముందు.
మా నాన్న బండి మీంచి పడితే పుత్తూరు కట్టు కట్టించినాం. అతుక్కోడం అతుక్కుంది, వంకరగా. ఇప్పుడు తలుపు గొళ్లెం తియ్యాలంటే భుజం కూడా తిప్పాలి. మరేటి, "ఆసుపత్రికెళ్తే రాడ్డు ఏసీసేవోళ్లు, లక్ష అయ్యేది" అని ఇప్పటికీ మురిసిపోతాడు.

తీపిగోళీ:
మాస్టారూ, మీ లెక్క మీదే ఉండనివ్వండి. మా పాప చేతులు నేను నా కళ్లతో చూశాను. మీరు చెప్పే సైన్సు మీద జనానికి అంత నమ్మకం ఉంటే, 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య గారి కరోనా మందు కోసం ఆ బారులేంటి? ఆసుపత్రి బిల్లు చూసి భయపడి వెళ్లినవాళ్లే సగం మంది. అంబులెన్సుల్లో కూడా వచ్చారు. గంటసేపు మనిషి మాట వినే డాక్టరు ఒక్కడు మీ వైపు లేడు. దాని గురించి ఎవరూ రాయరేం?

మందులషాపు:
బిల్లు గురించి మీరన్నది నిజం, కాదనను. వినడం గురించి అంతకన్నా నిజం. కానీ ఆనందయ్య మందుకి ప్రభుత్వం అనుమతిచ్చింది హాని కనపడలేదని. కరోనాని నయం చేస్తుందని ఆ నివేదిక చెప్పలేదు. కంటి చుక్కలకైతే అప్పుడు అనుమతే ఇవ్వలేదు.
పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయి. పిల్లల్లో చాలామందికి రెండేళ్లలోపు వాటంతటవే రాలిపోతాయి.

తీపిగోళీ:
అయితే మా పాపకి తూజా మొదలుపెట్టాకే వాటికి రాలిపోవాలని బుద్ధి పుట్టిందా?

భీమవరం ఆడపడుచు:
మధ్యలో దూరుతున్నాను, క్షమించండి. పుట్టిల్లు భీమవరం, మెట్టినిల్లు విశాఖ. మీరంతా "ఇంగ్లీషు మందు" అంటుంటే నవ్వొస్తోంది. ఆ మెథోట్రెక్సేట్ మా భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధన వరసలోంచి వచ్చిందే.

ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. తనకీ అదే వస్తే, బతికించింది ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యం. ఆ తర్వాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు కూడా చెప్పారు. తర్వాత అమెరికా వెళ్లారు. లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ తయారు చేసింది. స్ప్రూకి అదే మందైంది. ఆ ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే మందులు వెతుకుతుంటే పిల్లల రక్తక్యాన్సర్‌కి దారి దొరికింది, మెథోట్రెక్సేట్ ఆ కోవదే. కీళ్లవాతానికి తర్వాత వచ్చింది. అంటే మీ అమ్మగారు ఆదివారం వేసుకునేదీ, సోమవారం వేసుకునేదీ రెండూ ఒక్క ఇంటివే. బోదకాలు రాకుండా మన ఉత్తరాంధ్రలో ఇంటింటికీ వచ్చి మింగించిన డీఈసీ బిళ్లలూ ఆయన బృందం చలవే.

ఆయుర్వేదం తనని బతికించిందని ఆయన అక్కడితో ఊరుకోలేదు. ఎందుకు బతికానని వెతుక్కుంటూ పోయాడని నాకనిపిస్తుంది. పిన్నిగారికి ఈ కథ చెప్పి చూడండి. లెక్కలకన్నా కథకే మన ఆడవాళ్లు లొంగుతాం.

నైట్‌డ్యూటీ:
స్టాఫ్ నర్సుని. వార్డులో చూసింది రెండు ముక్కలు రాసి పోతాను, డ్యూటీ ఉంది.

పచ్చకామెర్లకి పసరు తాగి తగ్గిందంటారు. నీళ్ల వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో ఎలాగూ తగ్గుతాయి, పసరు తాగినా తాగకపోయినా. కానీ కళ్లు పచ్చబడ్డ ప్రతి మనిషిదీ అదే జబ్బు కాదు. పైత్యనాళంలో రాయి అడ్డుపడినా, గడ్డ ఉన్నా కళ్లు అలాగే ఉంటాయి. నెలన్నర పసరు తాగి వచ్చినవాళ్లని చూశాను. చిన్నపిల్లలకి వచ్చే షుగరులో ఇన్సులిన్ ఆపేసి తీసుకొచ్చిన కేసు ఇంకా ఘోరం, అది రాయలేను.

తప్పు మాదీ ఉంది. "పసరు తాగారా?" అని గదమాయిస్తే ఎవరు ఒప్పుకుంటారు? తలలు అడ్డంగా ఊపుతారు. మెల్లగా, పక్కన కూర్చుని అడిగితే చెప్తారు.

బాబూ, ఆ మూడు సీసాలూ తీసి చూడు. గోళీలేనా, చుక్కల మందు కూడా ఉందా? లేబుల్ మీద క్యూ అనే అక్షరం ఉంటే అది మదర్ టింక్చర్. మాస్టారు చెప్పినట్టు పల్చన చేసింది కాదు, ఆల్కహాల్‌లో తీసిన అసలు సారం. మెథోట్రెక్సేట్ వేసుకునేవాళ్లు లివర్‌ని జాగ్రత్తగా చూసుకోవాలి. ఇంట్లో ఎవరైనా తిప్పతీగ కషాయం లాంటివి ఇస్తున్నా డాక్టరుకి చెప్పు. తిట్టినా సరే చెప్పు.

మద్దిలపాలెం అబ్బాయి:
అందరికీ థ్యాంక్స్. శనివారం సీసాలన్నీ సంచిలో వేసుకుని అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నర్సుగారూ, మీరన్నదే నిజం. ఒకదాని మీద క్యూ ఉంది. ఆయన తిట్టలేదు. లేబుల్ చదివి దాన్ని పక్కన పెట్టమన్నారు. "మిగతా రెండూ మీకు తృప్తిగా ఉంటే వేసుకోండి, ఆదివారం మాత్ర మాత్రం నాకు చెప్పకుండా ఆపొద్దు" అన్నారు. రక్తపరీక్ష, లివర్ పరీక్ష రెండూ బాగానే వచ్చాయి. ఆరు రోజుల సంగతి అమ్మ మొదటిసారి తన నోటితో మొత్తం చెప్పింది, ఆయన విన్నారు. నా ఫోన్ ప్రకారం తొమ్మిది నిమిషాలు.

అమ్మకి పూర్తిగా నచ్చలేదు. "ఈయన కలల గురించి అడగలేదు" అంది. నిన్న ఆదివారం మాత్ర మాత్రం వేసుకుంది. స్ట్రిప్ మీద "ఆదివారం" అని పెద్దక్షరాలతో రాశాను. పిన్ని నా ఫోన్ ఎత్తడం లేదు.

తీపిగోళీ:
చూశావా, డాక్టరే గోళీలు వేసుకోమన్నాడు!

మందులషాపు:
వద్దనలేదమ్మా, అంతే. పైకెళ్లి చూసుకోండి, మీరు రాసింది "భయపడకుండా మార్చెయ్" అని.

తీపిగోళీ:
సరే, మార్చెయ్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. జబ్బు ఇంత ముదురుదని నాకు తెలీదు. తూజా దగ్గర మాత్రం తగ్గేది లేదు. పులిపిర్ల మీద వేరే చర్చ మొదలుపెడుతున్నా, మాస్టారు సముద్రం లేకుండా రావాలి.