తిత్లీ తుఫానప్పుడు బియ్యం పలాసకే పంపేం, కొండకి పంపలేదు. ఇందులో తప్పుందా?

మహేంద్రగిరి_బావ (పర్లాకిమిడి): 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది కదా, మా వీధోళ్లం చందాలేసి బియ్యం, దుప్పట్లు లారీలో అటే పంపీసేం, అందరి చుట్టాలూ అక్కడే ఉన్నారు మరి. మన ఒడిశాలో, మన గజపతి జిల్లాలోనే, బరఘరలో కొండచరియలు విరిగిపడి జనం పోయేరు, అటు ఒక్క బస్తా ఎళ్లలేదు. నిన్న ఒకాయన అది అన్యాయం అంటే నాకు కాలింది. మంచీచెడూ చెప్పేది మనసే కదా, అది ఎటు లాగితే అటు చేస్తాం. ఏటంటారు?

గుణుపురం_మాస్టారు: మనసే చెప్తాదని స్కాట్లాండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1740లోనే రాసేడు నాయనా, తప్పొప్పులు లెక్కగట్టి తేల్చేవి కావు, అనిపించేవి అని. కానీ నువ్వు సగంలో ఆగిపోయేవు. మనింట్లో నమ్మకంగా పనిచేసే మనిషంటే మనకి చరిత్రలో రోము కోసం సీజర్నే పొడిచిన బ్రూటస్ కన్నా ఎక్కువ ఇష్టం ఉండొచ్చు, అలాగని బ్రూటస్ కన్నా గొప్పోడు అనం, ఇదీ ఆయన మాటే. ఇష్టం దగ్గరోళ్ల మీదే ఉంటాది, తీర్పు చెప్పేటప్పుడు మాత్రం ఆ దగ్గరతనం పక్కన పెడతాం. చుట్టాలకి పంపడం తప్పనలేదు నేను, అదే న్యాయం అనీసి దబాయిస్తన్నావు చూడు, అక్కడే పేచీ.

బరంపురం_అమ్మడు: హ్యూమ్ స్నేహితుడు ఆడమ్ స్మిత్ ఇంకా గట్టిగా చెప్పేడు మాస్టారూ. రేపు చిటికెనవేలు పోతాదంటే ఈ రాత్రి నిద్ర పట్టదు, చైనా అంతా భూకంపంలో పోయిందంటే మాత్రం కాసేపు అయ్యో అనీసి గుర్రుపెడతాడు మనిషి. అయినా ఆ వేలు కోసం అంతమందిని చావనిస్తావా అంటే ఛీ అంటాడు, ఎందుకంటే లోపల ఏ పక్షమూ లేని మనిషొకడు కూర్చుని చూస్తుంటాడట. ఆయన మీ లారీ ఎక్కలేదా బావగారూ?

మహేంద్రగిరి_బావ: ఆ లోపలోడిని పెంచింది ఎవరమ్మా, మా నాన్న, మా వీధి. ఆడూ తెలుగే మాట్లాడతాడు, ఆ కొండల్లో గిరిజనుల సవర భాష ఎక్కడొచ్చు ఆడికి! పక్షం లేదంటే నేన్నమ్మను.

కోరాపుట్_కుర్రోడు: అందుకే మనసుని నమ్మకూడదు అంటాను, జర్మనీ తత్వవేత్త కాంట్ అయితే జాలితో చేసిన సాయానికి మార్కులే వెయ్యడు, ధర్మం అనుకుని చెయ్యాలంతే.

బరంపురం_అమ్మడు: కాంట్ చెప్పేడని ఎవరూ బస్తా మొయ్యరు తమ్ముడూ 😀

రాయగడ_చిన్నోడు: బావా, లోపలోడి గురించి నువ్వన్నది బాగుంది, స్మిత్‌కి కూడా అంత సులువుగా జవాబు దొరకదు. కానీ సవరోళ్లు నీకు చైనావోళ్లా? వారం వారం సంతలో ఆళ్ల దగ్గర పసుపు, అనాసపళ్లు బేరమాడి మరీ కొంటావు, మొహం తెలుసు, ఊరు తెలుసు, అయినా మనసు లాగలేదంటే అది దూరం వల్ల కాదు. ఎవరి చావుకి ఎంత ఏడవాలో చిన్నప్పుడే మనకి నేర్పీసేరు, దాన్నే మనసు అంటన్నాం. ఇంకోటి, ఆయన అన్యాయం అంటే నీకెందుకు కాలింది? తప్పే లేదనుకుంటే నవ్వీసి ఊరుకుందువు కదా, ఆ కాలడం కూడా మనసు చెప్పిన మాటే.

మహేంద్రగిరి_బావ: ఐతే చుట్టాల్ని వదిలీమంటావా?

రాయగడ_చిన్నోడు: వదలమని ఎవరన్నారు బావా. లారీ పోగా మిగిలిన చందా దసరా పందిరికి పెట్టేరు కదా, అప్పుడు ఎవరి మనసు ఎటు లాగిందో అది చెప్పు ముందు.