పాత కంప్యూటర్‌కు సౌండ్ కార్డు వేయించాలా, యూఎస్‌బీ పరికరం చాలా?

క్యాసెట్ల_పెట్టె:
పాత కంప్యూటర్‌లో సౌండ్ కార్డు బిగించడం దండగనీ, బయటినుంచి యూఎస్‌బీ సౌండ్ పరికరం ఒకటి తగిలిస్తే సరిపోతుందనీ చాలామంది అంటున్నారు. నేను ఒప్పుకోలేను. మా నాన్నగారు దాచుకున్న హరికథల క్యాసెట్లను పెంటియం 3 కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు, మదర్‌బోర్డులోనే కలిసి వచ్చే ఏసీ 97 రకం సౌండ్‌తో చేసిన ప్రతి రికార్డింగులోనూ సన్నని ఈల వినిపించేది. మౌస్ కదిపినా, హార్డ్‌డిస్కు పనిచేసినా దాని శ్రుతి మారేది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో పాత సౌండ్ బ్లాస్టర్ లైవ్ కార్డు కొని, గ్రాఫిక్స్ కార్డుకు దూరంగా చివరి పీసీఐ స్లాట్‌లో (కార్డులు గుచ్చే గాడిలో) బిగించి, బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల్లో) బోర్డు సౌండ్‌ను ఆపేసిన తరువాత ఆ ఈల పోయింది. టేపు సహజంగా చేసే బుసను మినహాయిస్తే, చిడతల చప్పుడు దెబ్బకు దెబ్బ విడిగా వినిపించింది.

రాగితీగ:
మీ రికార్డింగు బాగుపడినందుకు సంతోషం. అయితే లైవ్ కార్డులోని చిప్ శబ్దాన్నంతా 48 కిలోహెర్ట్జ్‌లోనే (సెకనుకు 48 వేల నమూనాలుగా) నడుపుతుంది కనుక, సీడీ కోసం 44.1 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తే మధ్యలో మార్పిడి తప్పదు. పైగా కార్డు ఎంత మంచిదైనా అది ఉండేది విద్యుత్ రొద నిండిన పెట్టెలోనే. 16 బిట్ల స్టీరియోకు సెకనుకు సుమారు ఒకటిన్నర మెగాబిట్లు చాలు. పాత యూఎస్‌బీ 1.1 సామర్థ్యమే 12 మెగాబిట్లు. అలాంటప్పుడు శబ్దాన్ని పెట్టె బయటే అంకెలుగా మార్చుకోవడం మేలు కదా?

క్యాసెట్ల_పెట్టె:
రాగితీగ గారూ, 48 సంగతి నిజమే. అందుకే నేను 48లోనే రికార్డు చేసి, చివర్లో సాఫ్ట్‌వేర్‌తో ఒక్కసారే మారుస్తాను. రొద విషయంలో మాత్రం యూఎస్‌బీ సర్వరోగ నివారిణి కాదు. టేప్ డెక్‌నూ కంప్యూటర్‌నూ వేర్వేరు సాకెట్లకు పెట్టినప్పుడు నాకు వచ్చిన గుయ్యిమనే హోరు, రెంటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మార్చాకే ఆగింది. రెండు పరికరాల గ్రౌండు (ఎర్త్) మధ్య తేడా వల్ల వచ్చే హోరు అది; యూఎస్‌బీ తీగలోనూ గ్రౌండు ఉంటుంది కనుక ఆ హోరు అక్కడా రాగలదు.

అన్నిటికంటే ముఖ్యమైనది డాస్, అంటే విండోస్‌కు ముందటి ఆపరేటింగ్ సిస్టమ్. ఆ కాలపు ఆటలు కంప్యూటర్ లోపల కార్డుకు కేటాయించే 220 అనే చిరునామాలో సౌండ్ బ్లాస్టర్ ఉందా అని నేరుగా వెతుకుతాయి. యూఎస్‌బీ పరికరం వాటికి కనిపించదు. పీసీఐ కంటే ముందటి ఐఎస్ఏ స్లాట్ ఉన్న ఇంకా పాత బోర్డయితే, 1992లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ 16 వంటి కార్డుతో, అందులోని యమహా చిప్ పలికించే సంగీతంతో సహా, ఆ ఆటలు అప్పటిలాగే వినిపిస్తాయి. విండోస్ విస్టా నుంచి మాత్రం డైరెక్ట్‌సౌండ్‌కు (ఆటల శబ్దాన్ని నడిపే విండోస్ భాగానికి) కార్డు ఇచ్చే హార్డ్‌వేర్ సాయం ఆగిపోయింది కనుక, అలాంటి కంప్యూటర్ ఉన్నవారికి నేనూ యూఎస్‌బీ పరికరమే మేలన్న మీ సలహాయే ఇస్తాను.