ఇంట్లో చేసిన పూల్ క్యూ: బట్‌కి టూ-కె పి.యు. స్ప్రేనా, చేత్తో తుడిచే పాలిషా?

దర్గామిట్ట_మేడమీద (నెల్లూరు):
మా మేడ మీద రేకుల షెడ్డులో చిన్న లేత్ (చెక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) పెట్టుకుని పూల్ క్యూలు (బిలియర్డ్స్ లాంటి పూల్ ఆటలో బంతిని కొట్టే కర్రలు) చేస్తున్నాను. ఇప్పుడు చేసేది మూడోది. షాఫ్ట్ (బంతిని కొట్టే సన్నటి ముందు సగం) మేపుల్, బట్ (చేత్తో పట్టుకునే లావుపాటి వెనక సగం) రోజ్‌వుడ్. బట్ ముందు భాగంలో మేపుల్‌లోకి దిగిన నాలుగు రోజ్‌వుడ్ మొనలు. చెక్కపనిలో ఇబ్బంది లేదు, ఫినిష్ దగ్గరే దెబ్బ తింటున్నాను.

రెండో క్యూకి కార్తీక మాసంలో, ముసురు పట్టిన రోజున ఎన్.సి. లక్కర్ (థిన్నర్‌లో కలిపి స్ప్రే చేసే నైట్రోసెల్యులోజ్ పూత) కొట్టాను. కొట్టగానే అద్దంలా మెరిసింది. పది నిమిషాలకు పాలు ఒలికినట్టు తెల్లటి పొర వచ్చేసింది. థిన్నర్ వేగంగా ఆరేటప్పుడు పూత చల్లబడుతుంది, గాలిలో తేమ దాని మీద పట్టి లోపలే ఉండిపోతుంది, అందుకే తెల్లబడుతుంది అని తర్వాత తెలిసింది. మొత్తం గీకేశాను.

ఈసారి కార్లకు కొట్టే టూ-కె పి.యు. (హార్డ్‌నర్ కలిపి కొట్టే రెండు డబ్బాల పాలీయురేథేన్ పూత) కొట్టమని ఫ్రెండ్స్ అంటున్నారు. కింద ఇంట్లో అమ్మ, నాన్న, నాలుగేళ్ల పాప ఉంటారు. కొట్టొచ్చా? లేక చేత్తో తుడిచే లక్క పాలిష్‌తో సరిపెట్టుకోవచ్చా?

ఒంగోలు_బ్రేక్‌షాట్:
పి.యు. కొట్టు అన్నా. మన దగ్గర ఎండాకాలం క్లబ్బులో గంట ఆడితే బట్ పట్టుకున్న చెయ్యి చెమటతో జారిపోతుంది. ఆ చెమట, టేబుల్ మీద పెట్టిన కూల్‌డ్రింక్, క్యూ కొనకు రాసే చాక్ పొడి, బల్లకు తగిలే దెబ్బలు, ఇవన్నీ తట్టుకునేది టూ-కె ఒక్కటే. రోజ్‌వుడ్‌కి రంధ్రాలు ఎక్కువ కాబట్టి ముందు వాటిని నింపు. నాలుగు కోట్లు కొట్టి వారం ఆగు. తర్వాత 1000, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్ (నీళ్ళతో రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ సన్నన) పట్టి పాలిషింగ్ కాంపౌండ్ రుద్దితే మొనలు నీళ్ళలో మునిగినట్టు కనిపిస్తాయి. అంత కష్టపడి మొనలు దించి, పైన పల్చటి పాలిష్ పూస్తే మనసెలా ఒప్పుతుంది?

ఉదయగిరి_చెక్కపని:
నేను చెక్క స్పూన్లు, ఫోర్కులు చేసే ఇళ్ళ మధ్య పెరిగాను. చెక్క నున్నగా రావాలంటే పేపర్ పని మీద శ్రద్ధ ఉండాలి, పూత తర్వాత సంగతి. 180తో మొదలుపెట్టి ఒక్క నంబరు కూడా దాటేయకుండా 600 వరకు పట్టాక, ఆ క్యూ మీద అరచెయ్యి పెట్టి చూడు. ఇంకేం కావాలి?

లక్క పాలిష్ స్పిరిట్‌లో కలుస్తుంది, నిమిషాల్లో ఆరుతుంది, దుమ్ము పడే వ్యవధి కూడా ఉండదు. గీత పడితే అక్కడే ఇంకో చెయ్యి (ఇంకో పూత) తుడిస్తే పాత పొరలో కలిసిపోతుంది. పి.యు. మీద దెబ్బ పడితే కనపడకుండా అతికించడం కష్టం, చివరికి మొత్తం గీకాల్సిందే.

ఒంగోలు_బ్రేక్‌షాట్:
గౌరవంతోనే చెప్తున్నా పెద్దాయనా. నా పాత క్యూకి లక్క పాలిషే ఉండేది. చేతికి శానిటైజర్ రాసుకుని తడి ఆరకముందే పట్టుకున్నా. నా నాలుగు వేళ్ళ గుర్తులూ బట్ మీద దిగిపోయాయి. రెండూ ఆల్కహాలే కదా, స్పిరిట్‌లో కలిసేది శానిటైజర్‌లో కరగదా? అందంగా ఉందని ఒప్పుకుంటాను. కానీ అది రోజూ ఆడే క్యూ.

కావలి_డెంటింగ్_పెయింటింగ్:
నేను కార్లకు టూ-కె కొట్టి బతికినవాణ్ణి. అది గట్టిదనడంలో అనుమానం లేదు. కానీ మేడ మీద షెడ్డులో వద్దు తమ్ముడూ.

ఆ చిన్న హార్డ్‌నర్ డబ్బాలో ఐసోసైనేట్ ఉంటుంది. స్ప్రే కొడితే సన్నటి తుంపరగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చర్మానికి తగిలినా మంచిది కాదు. ఒకసారి ఒంటికి అది పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. దాని వాసన మనకు తెలిసేసరికే హాని చేసే మోతాదు దాటిపోయి ఉండొచ్చు. అందుకే మాస్క్ పెట్టుకున్నా, వాసన రావట్లేదు కదా అని ధైర్యం చెయ్యకూడదు. ఈ పనికి బయటి నుంచి పైపులో మంచి గాలి అందించే మాస్క్ వాడాలి, గాలి బయటికి లాగే బూత్ ఉండాలి.

నేను పనిచేసిన షాపులో ఎనిమిదేళ్ళు ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని కొట్టాను. తొమ్మిదో ఏడు ఒక సాయంత్రం గన్ కడుగుతుంటే గుండె మీద బండ పెట్టినట్టయింది. అప్పటి నుంచి ఇన్‌హేలర్ జేబులోనే ఉంటుంది. పక్క బేలో (కారు నిలిపి పని చేసే చోట) ఎవరైనా పి.యు. కలిపితే నేను బయటికి వచ్చేస్తాను. నువ్వు కొడితే ఆ తుంపర మెట్ల మీదుగా పాప దగ్గరికి కూడా పోతుంది. క్యూ మెరుపు కోసం అంత అవసరమా?

ఒంగోలు_బ్రేక్‌షాట్:
ఇది నాకు తెలియదన్నా, క్షమించండి. ఇంట్లో కొట్టమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. అయితే బట్‌కి గట్టి పూత కావాలన్న మాట మీదే ఉన్నాను. బూత్ ఉన్న పెయింటర్‌కి ఇచ్చి కొట్టించుకోవచ్చు కదా? లేదంటే హార్డ్‌నర్ లేని ఒకే డబ్బా పి.యు. సంగతేంటి?

కావలి_డెంటింగ్_పెయింటింగ్:
బూత్‌లో కొట్టిస్తే నాకు అభ్యంతరం లేదు. ఇంట్లో అయితే ఒకే డబ్బా ఆయిల్ పి.యు. మేలు. దాంట్లో హార్డ్‌నర్ కలపరు. టర్పెంటైన్‌తో సగానికి సగం పల్చన చేసి, నూలు గుడ్డతో తుడువు. స్ప్రే అక్కర్లేదు, కిటికీలు తెరిచి ఉంచితే చాలు. ఒక్కో కోటు చాలా పల్చగా పడుతుంది కాబట్టి ఆరేడు కోట్లు పడతాయి, కోటుకీ కోటుకీ మధ్య ఒక రోజు ఆగాలి. టూ-కె అంత గట్టిగా ఉండదు కానీ శానిటైజర్‌కి లక్కలా కరగదు.

తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయొద్దు. అందులో నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, వాటంతట అవే అంటుకుంటాయి. నెల్లూరు మే నెల ఎండలో రేకుల కింద అయితే చెప్పక్కర్లేదు. నీళ్ళలో ముంచి, బయట పరిచి ఆరబెట్టు.

ఉదయగిరి_చెక్కపని:
ఒకే డబ్బా పి.యు. అయితే నాకూ ఇష్టమే. కానీ రోజ్‌వుడ్‌లో సహజంగా ఉండే నూనె దాన్ని సరిగా ఆరనివ్వదు, రోజుల తరబడి జిగటగానే ఉంటుంది. కాబట్టి కింద ఒక చెయ్యి లక్క ఉండాలి, అదీ మైనం తీసేసిన లక్క. మామూలు లక్కలో ఉండే మైనం మీద పి.యు. పట్టుకోదు. షాఫ్ట్‌కి మాత్రం పి.యు. జోలికి పోవద్దు. ఒక చెయ్యి లక్క తుడిచి, 600తో తేలిగ్గా రుద్ది, మైనం పట్టిస్తే చాలు. గట్టి పూత వేస్తే చెమటకు షాఫ్ట్ వేళ్ళ మధ్య అతుక్కుంటుంది.

దర్గామిట్ట_మేడమీద:
నిన్న వేస్టు ముక్క మీద చేసి చూశాను. లేత్ తిరుగుతుండగా లక్క గుడ్డ పట్టుకున్నా. రోజ్‌వుడ్ రంగు స్పిరిట్‌లో కరిగి, తెల్లటి మేపుల్ మీద గులాబీ చారలు చుట్టుకున్నాయి. అసలు క్యూ మీద చేసి ఉంటే నెల పని పోయేది.

ఉదయగిరి_చెక్కపని:
లేత్ ఆపాలి నాయనా. మేపుల్ భాగాన్ని మాత్రం సన్న బ్రష్‌తో ముందు రెండు చేతులు లక్క పూసి ఆరనివ్వు. తర్వాత గుడ్డ దాదాపు పొడిగా పట్టుకుని, నిలువుగా ఒక్కసారి లాగు. వెనక్కీ ముందుకీ రుద్దొద్దు. పేపర్ పట్టాక దుమ్మును స్పిరిట్ గుడ్డతో తుడవకు, గాలి కొట్టు.

కావలి_డెంటింగ్_పెయింటింగ్:
జాయింట్ మొహానికి టేప్ వెయ్యడం మర్చిపోకు. పూత అంచు మీదికి ఎక్కితే షాఫ్ట్, బట్ సరిగా కూర్చోవు, వెంట్రుకంత సందు మిగులుతుంది.

దర్గామిట్ట_మేడమీద:
ఈ ఉదయం మీరు చెప్పినట్టే ఇంకో ముక్క మీద చేశాను. మేపుల్ తెల్లగానే ఉంది, మొనల అంచులు గీత గీసినట్టున్నాయి. రేపు అసలు క్యూకి లక్క పెడతాను, ఎల్లుండి నుంచి పి.యు. కోట్లు. గుడ్డల కోసం మేడ మీద నీళ్ళ బకెట్ పెట్టాను.