ఆరు నెలలుగా ఆగి ఉన్న డీజిల్ ఇంజిన్: సెల్ఫ్ కొట్టే ముందు ఏ వరుసలో చూడాలి?

షెడ్డు_జనరేటర్:

నాలుగు సిలిండర్ల వాటర్ కూల్డ్ ఇంజిన్, టర్బో ఉంది, జనరేటర్‌కి బిగించినది. డీజిల్ పంపు పాత రకం ఇన్‌లైన్ (ఒక్కో సిలిండర్‌కి విడిగా డీజిల్ నెట్టేది), కామన్ రైల్ (అన్ని సిలిండర్లకీ ఒకే పైపులో ప్రెషర్ నిలిపేది) కాదు. 12 వోల్టుల బ్యాటరీ. ఆపిన రోజు వరకు ఏ ఇబ్బందీ లేదు, ఆ తర్వాత దాదాపు ఆరు నెలలుగా తిరగలేదు. ట్యాంకులో సగం డీజిల్ అలాగే ఉంది. సైలెన్సర్ పైపు ఆరుబయటికి, పైకి చూస్తూ ఉంటుంది.

మాన్యువల్‌లో రోజువారీ తనిఖీ అని ఆయిల్, నీళ్లు, డీజిల్, బెల్టు నాలుగే రాశారు. ఇన్నాళ్లు ఆగిన ఇంజిన్‌కి అది చాలుతుందా? ఏది ముందు, ఏది తర్వాత? డీజిల్ లైన్లో ఎయిర్ ఉంటే తీసే పద్ధతి, సెల్ఫ్ ఎంతసేపు కొట్టొచ్చు అన్నవి కాస్త వివరంగా చెప్పండి.

---

పానా_12_13:

చాలదు. బ్యాటరీ డౌన్ అయినా, లైన్లో ఎయిర్ ఉన్నా ఇంజిన్ స్టార్ట్ కాదు, అంతే. ఏమీ విరగదు. కానీ ఆయిల్‌లో నీళ్లున్నా, సిలిండర్‌లో నీళ్లున్నా, గాలి పైపులో చెత్త ఉన్నా సెల్ఫ్ తిరుగుతుంది. తిరిగినప్పుడే పాడవుతుంది. అందుకని ఇంజిన్‌ని పాడుచేసేవి ముందు చూడండి, స్టార్ట్ కానివ్వనివి తర్వాత.

అన్నిటికన్నా ముందు ప్యానెల్‌ని ఆటో నుంచి ఆఫ్‌కి మార్చి, బ్యాటరీ నెగటివ్ కేబుల్ తీసి పక్కన పెట్టండి. ఆటోలో ఉంటే కరెంటు పోగానే సెల్ఫ్ దానంతటదే పడుతుంది. ఆ సమయానికి మీ చెయ్యి ఫ్యాన్ దగ్గర ఉండకూడదు.

ఆయిల్: డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడండి. లెవెల్ ఒక్కటే చూసి వదిలేయకండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. లెవెల్ పై గీత దాటి ఉంటే బయటిది ఏదో లోపలికి వచ్చింది, నీళ్లో డీజిలో. ఆగి ఉన్న ఇంజిన్‌లో నీళ్లు అడుగుకి దిగిపోతాయి కాబట్టి డిప్‌స్టిక్‌కి మంచి ఆయిలే అంటుకోవచ్చు. అనుమానం ఉంటే సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద డ్రెయిన్ బోల్టుని తీసేయకుండా కొద్దిగా వదులు చేసి, మొదట కారే చుక్కల్ని సీసాలో పట్టండి. నీళ్లుంటే అవే ముందొస్తాయి. ఇంకో పరీక్ష: వేడి చేసిన ఇనప రేకు మీద రెండు చుక్కలు వేయండి, చిటపటమంటే నీళ్లున్నట్టే. గంటలు నిండకపోయినా, ఏడాది దాటిన ఆయిల్ అయితే ఫిల్టర్‌తో సహా మార్చేయండి.

కూలెంట్: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయాలి. పైన నూనె తెట్టు తేలుతుంటే హెడ్ గాస్కెట్‌నో ఆయిల్ కూలర్‌నో అనుమానించాలి. తుప్పు రంగు ఉంటే ఎవరో ఉత్త నీళ్లు పోశారు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయాలి. ఉత్త నీళ్లతో తుప్పు ఒక్కటే సమస్య కాదు, వెట్ లైనర్ల (పిస్టన్ ఆడే గొట్టాలు, వాటి చుట్టూ కూలెంట్ ఉంటుంది) బయటి గోడ సన్నసన్న గుంటలు పడి, చివరికి చిల్లు పడుతుంది. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ తడి గానీ మరక గానీ కనిపిస్తే పంపు సీల్ పోతోందని లెక్క.

గాలి దారి: ఫిల్టర్ డబ్బా తెరవండి, టర్బో వరకు పైపు లోపల టార్చి వేసి చూడండి. ఆగిన ఇంజిన్లలో ఎలుకలు గూడు పెట్టేది ఇక్కడే. బయటి ఎలిమెంట్‌ని ఎయిర్‌తో ఊదాలంటే 2 బార్ లోపు, లోపలి నుంచి బయటికి. నేల మీద కొట్టి దులపడం వద్దు, అంచు వంగితే దుమ్ము పక్క నుంచి పోతుంది. లోపల చిన్న ఎలిమెంట్ ఉంటే దాన్ని ఊదకూడదు, కడగకూడదు, మార్చడమే. ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య క్లిప్పు వదులైతే దుమ్ము నేరుగా లోపలికి వెళ్లి రింగుల్నీ లైనర్లనీ తినేస్తుంది.

ఇక ఎక్కువమంది వదిలేసేది: ఇంజిన్‌ని చేత్తో తిప్పి చూడడం. సైలెన్సర్ పైపు పైకి తెరిచి ఉంది అన్నారు కాబట్టి మీకు ఇది తప్పనిసరి. వాన నీళ్లు పైపు లోంచి దిగి, తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వ్ ద్వారా సిలిండర్‌లో చేరవచ్చు. ఒక్కో సిలిండర్ లీటరు, కంప్రెషన్ 17:1 అనుకుంటే, పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 60 మిల్లీలీటర్ల పైచిలుకే. నీళ్లు అణగవు. టీ కప్పుడు నీళ్ల మీద సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. వంగిన రాడ్డుతో కూడా ఇంజిన్ కొన్నాళ్లు నడిచి, ఆనక విరిగి బ్లాకు పగలగొట్టొచ్చు.

తిప్పే ముందు, పంపు మీద డీజిల్ ఆపే స్టాప్ లివర్‌ని స్టాప్ వైపు కట్టేయండి. క్రాంక్ పుల్లీ బోల్టుకి పొడుగాటి పానా వేసి, ఇంజిన్ మామూలుగా తిరిగే వైపే, పూర్తిగా రెండు చుట్లు తిప్పండి. అప్పటికి నాలుగు సిలిండర్లూ కంప్రెషన్ దాటుతాయి. కంప్రెషన్ దగ్గర బిగుసుకోవడం మామూలే. పట్టి ఉంచితే గాలి మెల్లగా జారి తేలికవుతుంది. ఎంతసేపు పట్టినా రాయిలా నిలబడితే నీళ్లున్నాయనే అనుకోండి. బలం పెట్టకండి. నాజిళ్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) తీసేసి, పక్కకి తప్పుకుని, అప్పుడు తిప్పించండి, నీళ్లు బయటికి చిమ్ముతాయి.

---

నాజిల్_స్ప్రే:

పైన చెప్పిన వరుస సరైనదే. డీజిల్ వైపు నేను రాస్తాను.

ఎయిర్ ఎందుకు అడ్డమంటే, పంపు ప్లంజర్ (లోపల పైకీ కిందికీ ఆడే కడ్డీ) డీజిల్‌ని నెడితే ప్రెషర్ వెంటనే పెరిగి నాజిల్ తెరుచుకుంటుంది. ఈ రకం నాజిళ్లు దాదాపు 200 బార్ దగ్గర తెరుచుకుంటాయి. మధ్యలో గాలి బుడగ ఉంటే ప్లంజర్ ఆ బుడగని అణచి వదులుతూ ఉంటుంది, ప్రెషర్ అక్కడిదాకా వెళ్లదు. ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా బ్యాటరీ ఖర్చే.

ట్యాంకు సగం ఖాళీగా ఆరు నెలలు ఉంది కాబట్టి పైభాగంలో చెమ్మ పట్టి నీళ్లు అడుగుకి దిగి ఉంటాయి. ట్యాంకు డ్రెయిన్, వాటర్ సెపరేటర్ డ్రెయిన్ రెండూ తెరిచి గాజు సీసాలోకి పట్టండి. నీళ్లు కింద విడిగా గీత గీసినట్టు కనిపిస్తాయి. నల్లటి జిగట పొర కనిపిస్తే నీళ్లూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగాయన్నమాట. అలాంటి ట్యాంకుని కడగకుండా ఫిల్టర్ మాత్రం మారిస్తే కొత్త ఫిల్టర్ కొద్ది గంటల్లో మూసుకుపోతుంది.

ఎయిర్ తీయడం మీ పంపుకి ఇలా:

1. ట్యాంకు కాక్ తెరవండి. ఫిల్టర్ హెడ్ మీద ఎయిర్ వదిలే బ్లీడ్ స్క్రూని రెండు చుట్లు వదులు చేసి, హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న డీజిల్ పంపు) కొట్టండి. మొదట నురగ, తర్వాత బుడగలు, చివరికి నిండు ధార వస్తుంది. ధార వస్తుండగానే బిగించండి, కొట్టడం ఆపాక బిగిస్తే మళ్లీ గాలి పీలుస్తుంది.
2. రెండు ఫిల్టర్లుంటే ట్యాంకు వైపుది ముందు.
3. పంపు ఒంటి మీద ఉన్న బ్లీడ్ స్క్రూ దగ్గర కూడా ఇదే.
4. ప్రైమర్ గుబ్బని నొక్కి తిప్పి లాక్ చేయండి. వదులుగా వదిలేస్తే అక్కడి నుంచే మళ్లీ ఎయిర్ వస్తుంది.
5. అప్పటికీ స్టార్ట్ కాకపోతే నాజిళ్ల దగ్గర పైపు నట్లు ఒక చుట్టు వదులు చేసి, స్టాప్ లివర్ రన్‌లో పెట్టి సెల్ఫ్ కొట్టించండి. డీజిల్ ఎగిరిపడిన నట్టు బిగించుకుంటూ రండి.

ఈ అయిదో మెట్టు కామన్ రైల్ ఇంజిన్ల మీద ఎప్పుడూ చేయకూడదు. అక్కడ ప్రెషర్ వెయ్యి బార్‌లు దాటుతుంది. మీ పంపు మీదైనా లీకు ఎక్కడుందో వేలు పెట్టి వెతకవద్దు, అట్టముక్క పెట్టి చూడండి. సన్నటి ధార చర్మం దాటి లోపలికి దూరితే పైకి సూది గుచ్చినట్టే ఉంటుంది, కానీ వెంటనే ఆపరేషన్ చేయాల్సిన గాయం అది.

ఇంకొకటి, కొత్త ఫిల్టర్‌ని డీజిల్‌తో నింపి బిగించే అలవాటు చాలామందికి ఉంది. మధ్య రంధ్రంలో పోస్తే ఆ డీజిల్ వడకట్టకుండానే పంపులోకి వెళుతుంది. ఖాళీగా బిగించి ప్రైమర్ కొట్టడమే మేలు, చెయ్యి నొప్పి తప్ప నష్టం లేదు.

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకు డీజిల్‌ని లాగి పెద్ద పంపుకి ఇచ్చేది) వరకు ఉన్న లైను పీల్చే వైపు. అక్కడ సందు ఉంటే నడుస్తున్నప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. స్టార్ట్ అయి కొన్ని నిమిషాలకే ఆగిపోయే ఇంజిన్లలో ఎక్కువసార్లు దోషం ఇదే. బ్యాంజో బోల్టుల (మధ్యలోంచి డీజిల్ పారే బోలు బోల్టులు) రాగి వాషర్లు పాతవే వేయకుండా కొత్తవి వేయండి.

---

షెడ్డు_జనరేటర్:

చాలా థాంక్స్ అన్నా. చేత్తో రెండు చుట్లు తిప్పాను, ఎక్కడా రాయిలా నిలబడలేదు. కానీ డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీత కంటే వేలెడు పైకి ఉంది. ఆపేటప్పుడు గీతల మధ్యే ఉండేది. పాల రంగు లేదు, పలచగా ఉంది, డీజిల్ వాసన. డ్రెయిన్ బోల్టు వదులు చేస్తే నీళ్లు రాలేదు. పైన కాస్త తీసేసి నడపొచ్చా?

---

నాజిల్_స్ప్రే:

వద్దు. తీసేసినా మిగిలింది డీజిల్ కలిసిన ఆయిలే. అది బేరింగుల మధ్య పొరగా నిలవదు, ముందు దెబ్బ టర్బోకి. పైగా లెవెల్ ఎక్కువైతే క్రాంక్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, ఆవిరి బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) ద్వారా గాలి పైపులోకి వెళుతుంది. ఇంజిన్ దాన్నే ఇంధనంగా కాల్చుకుంటూ, స్టాప్ లివర్ లాగినా ఆగకుండా స్పీడు పెంచుకుంటూ పోవచ్చు.

మీ ట్యాంకు పంపు కంటే ఎత్తులో ఉందా? ఉండి, కాక్ కూడా ఆరు నెలలూ మూయకుండా ఉంచి ఉంటే మొదట ఫీడ్ పంపునే అనుమానించాలి. ఇన్‌లైన్ పంపు పక్కన ఉండే ఫీడ్ పంపులో చిన్న పుష్ రాడ్డు ఉంటుంది. అది అరిగినా, దాని సీల్ పోయినా డీజిల్ పంపు క్యామ్ గదిలోకి, అక్కడి నుంచి సంప్‌లోకి చుక్కచుక్కగా దిగుతుంది. తేల్చుకోవడం తేలిక: ఫీడ్ పంపుని బోల్టులు తీసి, పైపులు ఉంచి బయటికి తీసుకోండి. కాక్ తెరిచి రాడ్డు చుట్టూ తుడిచి కాసేపు చూడండి, ప్రైమర్ కూడా కొట్టండి. రాడ్డు పక్క నుంచి తడి వస్తే అదే. రాకపోతే పంపు ప్లంజర్లు అరిగి ఉండొచ్చు, అప్పుడు పంపుని టెస్ట్ బెంచ్ మీద పెట్టాల్సిందే.

కారణం సరిచేశాకే ఆయిలూ ఫిల్టరూ మార్చండి. లేకపోతే కొత్త ఆయిల్ కూడా ఇలాగే అవుతుంది.

---

లోడ్_30_శాతం:

స్టార్ట్ చేసే రోజుకి నావి కొన్ని.

బ్యాటరీ ఛార్జర్ తీసిన వెంటనే చూసే వోల్టేజ్ నమ్మకండి. కొన్ని గంటలు వదిలేసి చూస్తే 12.6 లేదా పైన ఉండాలి. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ బలం లేదు, లేదా కేబుల్ కొసలు తుప్పు పట్టాయి. బెల్టుని రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరు, కాస్త పైన దిగాలి. పగుళ్లుంటే బిగించడం వృథా.

మొదట డీజిల్ లేకుండా తిప్పాలి. టర్బో ఆయిల్ పైపు పైన విప్పి శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ కొంచెం పోసి మళ్లీ బిగించండి. స్టాప్ లివర్ స్టాప్‌లో ఉంచి 10-15 సెకన్లు సెల్ఫ్, తర్వాత రెండు నిమిషాలు విరామం, ఆయిల్ ప్రెషర్ ముల్లు కదిలే దాకా. సెల్ఫ్ మోటారు అంతకు మించి ఆగకుండా తిప్పితే వైండింగ్ కాలుతుంది. డీజిల్ ఆపే సోలినాయిడ్ (కరెంటుతో లివర్‌ని లాగేది) వైరు పీకేస్తే చాలు అనుకోవద్దు. కొన్ని సోలినాయిడ్లు కరెంటు ఇస్తే ఆపుతాయి, వైరు పీకితే రన్‌లోనే ఉంటాయి. లివర్‌ని కంటితో చూసి నిర్ధారించుకోండి.

స్టార్ట్ అయ్యాక 10-15 సెకన్లలో ప్రెషర్ రాకపోతే ఆపేయండి, ఎందుకు రాలేదో తర్వాత ఆలోచించవచ్చు. మొదట కాస్త తెల్ల పొగ మామూలే. కళ్లు మండిస్తే కాలని డీజిల్. మండించకుండా తియ్యటి వాసనతో, ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్ లోపలికి వస్తోంది. నీలం అయితే ఆయిల్. ఈథర్ స్ప్రే వాడకండి, ముఖ్యంగా ఇంజిన్‌కి హీటర్ గానీ గ్లో ప్లగ్గులు గానీ ఉంటే. వేడి తీగ మీద పడి గాలి పైపులోనే పేలుతుంది. సిలిండర్‌లో ముందే మండితే పిస్టన్ రింగుల గట్లు విరుగుతాయి.

మీ ఇంజిన్‌లో ఒకసారి డీజిల్ కలిసింది కాబట్టి గాలి పైపు నోరు మూసేంత మందపాటి రేకు దగ్గర పెట్టుకోండి. స్పీడు అదుపు తప్పితే దాన్ని అడ్డం పెట్టాలి. చేత్తోనో గుడ్డతోనో మూయకూడదు, లాగేసుకుంటుంది.

మూడు నుంచి అయిదు నిమిషాలు లోడు లేకుండా నడిపి, తర్వాత లోడు ఇవ్వండి. గంటల తరబడి ఖాళీగా నడిపితే సిలిండర్ వేడెక్కక కాలని డీజిల్, మసి కలిసి సైలెన్సర్‌లో జిడ్డు పడుతుంది. పది నిమిషాల తర్వాత ఒకసారి ఆపండి. ఆయిల్ దిగడానికి ఇంకో పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి, కొత్త ఫిల్టర్ నిండినందుకు లెవెల్ తగ్గి ఉంటుంది. కూలెంట్ ఎక్స్‌పాన్షన్ బాటిల్‌లో చూడండి, వేడి మీద మూత తీయకండి.

ఇకపై నెలకోసారి కనీసం 30 శాతం లోడు మీద అరగంట నడపండి. ఆపాక ట్యాంకు నిండా పోసి కాక్ మూయండి. సైలెన్సర్ పైపుకి వాన పడని మూత వేయించండి, దానంతటదే తెరుచుకునే రకం.

---

షెడ్డు_జనరేటర్:

ట్యాంకు పంపు కంటే దాదాపు రెండడుగులు ఎత్తులో ఉంది, కాక్ తెరిచే ఉంది. ఫీడ్ పంపు విప్పి చూశాను, రాడ్డు చుట్టూ డీజిల్ ఊరుతోంది. రాడ్డు ఒక్కటే మార్చొచ్చా, పంపు మొత్తమా?

---

నాజిల్_స్ప్రే:

రాడ్డు లోపలికీ బయటికీ ఆడే రంధ్రం కూడా అరిగి ఉంటే కొత్త రాడ్డు వేసినా కారుతుంది. కొత్తది దూర్చి పక్కలకి ఊపి చూడండి, చేతికి ఆట తెలిస్తే పంపు మొత్తం మార్చాలి. బిగించేటప్పుడు గాస్కెట్ పాతదాని మందమే ఉండాలి. మందం ఎక్కువైతే రాడ్డు స్ట్రోక్ తగ్గి డీజిల్ చాలదు. ఇంజెక్షన్ పంపు క్యామ్ గదికి విడిగా ఆయిల్ పోసే రకం అయితే అక్కడి ఆయిల్ కూడా మార్చండి, మొదట డీజిల్ చేరింది అందులోనే.