బీపీకి 30 శాతం వైకల్యం రాసి ‘సర్వీసు వల్ల కాదు’ అన్నారు. సెకండ్ అప్పీలా, చెన్నైలోని సైనిక ట్రిబ్యునలా?

పలమనేరు నుంచి ఒక జవాను భార్య:
మా ఆయన ఆర్టిలరీలో హవల్దార్. 2023 మార్చిలో రిటైర్ అయ్యారు. చేరేటప్పుడు బీపీ లేదు. రిటైర్ అయ్యేటప్పుడు పరీక్షించే రిలీజ్ మెడికల్ బోర్డులో బీపీకి 30 శాతం వైకల్యం, జీవితాంతం అని రాసి, సర్వీసు వల్ల రాలేదు, సర్వీసులో ముదరలేదు అని డిసబిలిటీ పెన్షన్ కొట్టేశారు. బీపీ బయటపడింది గొడవల్లేని పీస్ స్టేషన్‌లోనట! దానికి ముందు కుప్వారాలో ఎల్‌ఓసీ మీద ఉన్నది లెక్కలోకే రాలేదు. ఫస్ట్ అప్పీల్ కూడా ఈ మధ్యే కొట్టేశారు. ఈయనేమో ‘పోనీలే, పింఛను వస్తోంది కదా’ అంటారు. నాకు మనసొప్పడం లేదు. ఇక్కడొకాయన అరియర్స్‌లో సగం ఇస్తే అంతా తనే చూసుకుంటానంటున్నాడు.

రిటైర్డ్ సుబేదార్, చిత్తూరు:
సగమా! ఆయన ఇచ్చే ఏ కాగితం మీదా సంతకం పెట్టించొద్దమ్మా. ముందు సెకండ్ అప్పీల్ వేయండి, గడువు ఆరు నెలలే. అది వేయకుండా చెన్నై పోతే మామూలుగా కేసు తీసుకోరు. వేశాక ఆరు నెలల్లో జవాబు రాకపోతే ట్రిబ్యునల్‌కు పోవచ్చు, చట్టంలోనే ఉంది.

అప్పీల్‌లో ఇంటి కష్టాలు రాయొద్దు, వాటిని చూసి ఎవరూ ఇవ్వరు. 2013 ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది రాయండి: చేరేటప్పటి మెడికల్‌లో జబ్బు నోట్ చేయకపోతే, తర్వాత వచ్చినదాన్ని సర్వీసు వల్లే అనుకోవాలి. కాదంటే కారణాలు బోర్డే చూపించాలి. ‘పీస్ స్టేషన్’ అని ఒక ముక్క రాస్తే చాలదు. బోర్డు ప్రొసీడింగ్స్ కాపీ లేకపోతే రికార్డ్ ఆఫీసుకు ఆర్‌టీఐ పెట్టండి, ఫీజు పది రూపాయలే. కుప్వారా తేదీలు, బీపీ మొదట రాసిన తేదీ పక్కపక్కన చూపించండి.

తిరుపతి నుంచి ఇంకొకరు:
రౌండింగ్ (వైకల్య శాతాన్ని పైకి సర్దడం) కూడా అడగండక్కా, చాలామంది వదిలేస్తారు. 100 శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం ఇస్తారు, మీ 30కి 9 శాతం. 2014 రామ్ అవతార్ తీర్పు ప్రకారం 30ని 50గా లెక్కేస్తే 15 శాతం. జీతం 40,000 అనుకుంటే 3,600 కాదు, నెలకు 6,000. డీఆర్ (పింఛనుదార్ల కరవు భత్యం) వేరే.

పలమనేరు:
కాపీ ట్రంకు పెట్టెలోనే ఉందన్నా. పోస్టింగుల పేజీ ఇప్పుడే ఈయన ముందు పెట్టాను. ‘సరే, రాయి’ అన్నారు.

రిటైర్డ్ సుబేదార్, చిత్తూరు:
మంచిదమ్మా. మిగతావాళ్లకు ఒక మాట: 2023 సెప్టెంబర్ 21 నుంచి డిసబిలిటీ పెన్షన్‌కు కొత్త రూల్స్. ఆ తర్వాత రిటైర్ అయినవాళ్లు ఇదే కాపీ కొట్టి పంపకండి.