పోసేసిన పాలకు వెనక్కి వెళ్లి ధర తగ్గించవచ్చా? ఆస్ట్రేలియాలో దీనికి చట్టం ఉందట, నిజమేనా?

పలమనేరు పాడి

అందరికీ నమస్కారం. మాది పలమనేరు దగ్గర పల్లె. నేను చిత్తూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. ఇంట్లో నాలుగు జెర్సీ ఆవులున్నాయి. వాటి బాగోగులన్నీ అమ్మవే. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పాలు పితికి, ఆరు లోపు కేంద్రంలో పోసి వస్తుంది. పూటపూటకూ ఎన్ని లీటర్లు, వెన్న ఎంత వచ్చింది అన్నది దేవస్థానం క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే పెన్సిలుతో రాసుకుంటుంది. గడి చిన్నది, అంకెలు ఇంకా చిన్నవి. కానీ ఇన్నేళ్లలో ఒక్క పూట కూడా తప్పలేదు.

పోయిన నెల పదిహేను రోజుల బిల్లులో 990 రూపాయలు తక్కువ వచ్చాయి. 330 లీటర్లకు లీటరుకు మూడు రూపాయల కోత. అడిగితే, ఒకటో తేదీ నుంచే ధర తగ్గిందన్నారు. ఆ మాట వాళ్లు మాకు చెప్పింది పద్నాలుగో తేదీన! ధర తగ్గించాలనుకుంటే రేపు పోసే పాలకు తగ్గించండి. జనం కాఫీ కలుపుకుని తాగేసిన పాలకు ఇప్పుడు ధర మార్చడం ఏ లెక్క? ఆ రోజుల్లో దాణా కొన్నది పాత ధర వస్తుందన్న నమ్మకంతోనే కదా.

మా బావమరిది మెల్‌బోర్న్‌లో ఉంటాడు. అక్కడ ఇలా చేయడం చట్టవిరుద్ధమని, ఏడాది మొదట్లోనే ధర రాసివ్వాలని చెప్పాడు. తెలిసినవారు వివరంగా చెప్పండి. ఇక్కడ మేము ఏమని అడగవచ్చో కూడా చెప్పండి.

విశ్రాంత పశువైద్యుడు, తిరుపతి

మీ బావమరిది చెప్పింది నిజమే. మా అమ్మాయి కుటుంబం విక్టోరియా రాష్ట్రంలో షెపర్టన్‌లో ఉన్నప్పుడు నేను అక్కడ ఆరు నెలలు ఉన్నాను. చుట్టూ ఉన్నదంతా పాడి ప్రాంతమే. వృత్తి అలవాటు కదా, ఊరికే కూర్చోలేక పశువుల కొట్టాలన్నీ తిరిగాను. మీ అమ్మగారికి జరిగిందే అక్కడి రైతులకు ఇంతకంటే చాలా పెద్ద ఎత్తున జరిగింది. ఆ చట్టం దాని నుంచే పుట్టింది.

ముర్రే గౌల్‌బర్న్ అని ఒక సహకార సంఘం ఉండేది. 1950లో కోబ్రమ్ అనే ఊళ్లో, యుద్ధం నుంచి తిరిగొచ్చి భూములు పొందిన సైనికులు కలిసి పెట్టుకున్నది. పెరిగి పెరిగి దేశంలోకెల్లా పెద్ద పాల సంస్థ అయింది. 2015లో పెట్టుబడి కోసం స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది. అక్కడ పాల సంవత్సరం జులైలో మొదలై జూన్‌లో ముగుస్తుంది. ఆ ఏడాది రైతులకు కిలో ఘనపదార్థానికి 5.60 డాలర్లు ఇస్తామని చెప్పారు. మనకు వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో మిగిలే ఘనపదార్థం) చూసి లీటరు ధర కట్టినట్టే, వాళ్లు వెన్న, ప్రొటీను కలిపి కిలోల లెక్కన కడతారు. వంద లీటర్లలో ఏడున్నర కిలోలు ఉంటాయనుకుంటే 42 డాలర్లు వస్తాయి.

2016 ఏప్రిల్ 27న పిడుగు పడింది. ఈ ఏడాది ధర 4.75కూ 5 డాలర్లకూ మధ్యే ఉంటుందన్నారు. వంద లీటర్లకు 42 అనుకున్నది 36 దాకా పడిపోయినట్టు. ప్రపంచ మార్కెట్లో పాల పొడి ధర పడిపోయిన మాట నిజమే. కానీ అప్పటికే పది నెలల పాలు పోసేశారు, డబ్బు తీసుకున్నారు, మేతకూ నీళ్లకూ ఖర్చు పెట్టేశారు. ఆ డబ్బు ఎక్కువ ఇచ్చినట్టు లెక్క తేల్చి, రాబోయే మూడేళ్ల బిల్లుల్లో కోసుకుంటామన్నారు. రాత్రికి రాత్రి రైతులు తమ సొంత సంఘానికే బాకీదారులయ్యారు. కొన్ని రోజుల్లోనే మరో పెద్ద కంపెనీ కూడా ధర కోసింది.

నేను ఒక రైతు ఇంట్లో టీ తాగుతుంటే ఆయన పాత బిల్లుల ఫైలు తెచ్చి నా ముందు పెట్టాడు. 2016 మే నెల కాగితం మీద ఎర్ర కలంతో గీత గీసి ఉంది. మూడు వందల ఆవులున్న మనిషి. ఆ నెల తరువాత మందలో సగం అమ్మానని చెబుతూ కిటికీ వైపు తిరిగిపోయాడు. ఎన్ని ఆవులున్నా దుఃఖం ఒక్కటేనని నాకు ఆ రోజు తెలిసింది.

రైతులు వేరే కంపెనీలకు పాలు పోయడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది సంఘం ఆ బాకీని మాఫీ చేసినా నమ్మకం తిరిగి రాలేదు. 2018లో సంస్థను కెనడాకు చెందిన సపుటో కొనేసింది. అరవై ఏళ్లకు పైగా రైతులు కట్టుకున్న సంఘం అలా చేయి మారింది.

దాని తరువాతే, అక్కడి పోటీ, వినియోగదారుల కమిషన్ విచారణ జరిపి, తప్పనిసరి నియమావళి కావాలని సిఫారసు చేసింది. అది 2020 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాలు కొనే కంపెనీ ఏటా జూన్ 1 మధ్యాహ్నం రెండు గంటల లోపు తన ఒప్పంద పత్రాన్ని, కనీస ధరతో సహా, అందరికీ కనబడేలా ప్రచురించాలి. సంతకం చేసిన రైతుకు మనసు మార్చుకోవడానికి 14 రోజుల గడువు ఉంటుంది. పోసేసిన పాలకు వెనక్కి వెళ్లి ధర తగ్గించడం నిషేధం. మీరు అడిగింది సరిగ్గా ఇదే.

తిరుచానూరు అమ్మాయి, మెల్‌బోర్న్

డాక్టర్ గారు రైతు వైపు చెప్పారు. నేను కొనేవాళ్ల వైపు ఒక మాట చెబుతాను. నేను ఇక్కడికి 2012లో వచ్చాను. అప్పుడు పెద్ద సూపర్‌మార్కెట్లలో లీటరు పాలు ఒక్క డాలరు. 2011 జనవరి 26న ఒకటి మొదలుపెడితే మిగతావీ అదే బాట పట్టాయి. పక్క అరలో నీళ్ల సీసా అంతకంటే ఎక్కువ ధర ఉండేది. ఇంటికి పాలు చవకగా వస్తున్నాయని అమ్మకు ఫోనులో సంతోషంగా చెప్పేదాన్ని. 2016లో టీవీలో ఆ రైతులను చూశాక ఆ సీసా చేతిలోకి తీసుకోవాలంటే మనసొప్పలేదు. ఆ డాలరు ధర 2019 దాకా నడిచింది. పాలను జనాన్ని దుకాణానికి రప్పించే ఎరగా వాడుకున్నారన్నదే నా బాధ.

బంగారుపాళ్యం రైతు

అంతా బాగానే ఉంది. కానీ చట్టం వచ్చాక అక్కడ రైతు నిలిచాడా? 2000 నాటికి 13 వేల దాకా ఉన్న పాడి క్షేత్రాలు ఇప్పుడు ఐదు వేల లోపేనని చదివాను. కాగితం మీద ధర రాసినంత మాత్రాన ఏమవుతుంది? 2025లో తోతాపురి మామిడికి కిలోకు 12 రూపాయలు ప్రకటించారు, ఎనిమిది ఫ్యాక్టరీ, నాలుగు ప్రభుత్వం. నేను ట్రాక్టరుతో రెండు రోజులు వరుసలో నిలబడ్డాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర నాకు ఆ ఎనిమిది దక్కలేదు. కాయ మగ్గిపోతుంటే బేరమాడే ఓపిక ఎవరికి ఉంటుంది? పాలైతే సాయంత్రం దాకా కూడా ఆగవు.

మన చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడినప్పుడు నాకు ముప్పై ఏళ్లు. సంఘం పోయాక ఎవరు ఎంతంటే అంతే అయింది. నన్నడిగితే, ముందు రైతుకు పాలు పోయడానికి రెండో చోటు ఉండాలి. చట్టం ఆ తరువాత.

విశ్రాంత పశువైద్యుడు, తిరుపతి

మీ మాటలో న్యాయముంది. ఆ నియమావళి ధర పెంచదు, క్షేత్రాలు తగ్గడాన్ని ఆపలేదు. ఆ తగ్గుదల అంతకుముందు నుంచే ఉంది. 2000 జులైలో తాగే పాలకు రాష్ట్రాలు ధర నిర్ణయించే పద్ధతిని ఎత్తేశారు. అప్పుడు రైతులకు పరిహారం ఇవ్వడానికి లీటరుకు 11 సెంట్ల సుంకం పెట్టి 2009 దాకా జనం దగ్గర వసూలు చేశారు. విక్టోరియాలో ఖర్చు తక్కువ కాబట్టి అక్కడివారు తట్టుకున్నారు. క్వీన్స్‌ల్యాండ్, న్యూ సౌత్ వేల్స్ రైతులకు దెబ్బ గట్టిగా తగిలింది.

కానీ మామిడి విషయంలో లేనిది, అక్కడ ఉన్నది ఒకటి ఉంది. కాగితం వెనుక అడిగే నాథుడున్నాడు. ఆ కమిషన్ ఒక పెద్ద కంపెనీని కోర్టుకు లాగింది. దాని ఒప్పందాల్లోని కొన్ని షరతులు నియమావళికి విరుద్ధమని ఫెడరల్ కోర్టు తేల్చి, 2023లో 9,50,000 డాలర్ల జరిమానా వేసింది. కాబట్టి చట్టం కోసం ఎదురుచూసేలోగా కేంద్రంలో ఒకే ఒక్క మాట అడగండి. ధర మారితే ఏ తేదీ నుంచో బోర్డు మీద ముందుగా రాయమనండి. అందులో కంపెనీకి పైసా నష్టం లేదు, కాదనడానికి కారణమూ దొరకదు. ఒక్కరే వెళ్లకండి.

పలమనేరు పాడి

డాక్టర్ గారూ, పెద్దాయనా, అక్కా, అందరికీ కృతజ్ఞతలు. రాత్రి ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. మూడు వందల ఆవులాయన మాట దగ్గర ఆపించి, ఇప్పుడు ఆయనకు ఎన్ని ఉన్నాయని అడిగింది. తెలిస్తే చెప్పండి.

పెద్దాయన చెప్పిన రెండో చోటు మా ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. అమ్మ క్యాను మోసుకుని నడవలేదు. నేను బడికి వెళ్లేముందు బండి మీద తీసుకెళ్లగలను. మా వీధిలో మరో ఆరు ఇళ్లవాళ్లు పాలు పోస్తారు. వాళ్లలో నలుగురి బిల్లుల్లోనూ అదే కోత పడింది. ఆదివారం అందరం కలిసి కేంద్రానికి వెళ్తున్నాం. అమ్మ క్యాలెండరు మేకు నుంచి తీసి, ఆ నెల కాగితం చింపకుండా చుట్ట చుట్టి పెట్టింది. ఏమన్నారో వచ్చి రాస్తాను.